ఇంకొకరి కొలతల సైకిలు

"రోడ్ బైక్ కొన్నాను" అని క్లాసులో చెప్పగానే మొదటి ప్రశ్న, "మైలేజ్ ఎంత ఇస్తుంది రా?" మన దగ్గర బైక్ అంటే పెట్రోల్ బండే కదా. అందుకే ముందే చెప్పేస్తున్నా, ఇది సైకిలు. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందకి వంగిన హ్యాండిల్. క్యారియర్ లేదు, స్టాండు లేదు, మడ్‌గార్డులు లేవు, బెల్లు కూడా లేదు. ఇంటికి తీసుకొస్తే మా అమ్మ చుట్టూ తిరిగి చూసి, "అన్నీ పీకేసి అమ్మాడా?" అంది.

సెకండ్ హ్యాండ్‌లో 17,500 పెట్టి కొన్నాను. అందులో 11,500 నేను ఏడాది పాటు పక్కింటి పిల్లలకి ట్యూషన్ చెప్పి దాచుకున్నవి. మిగతా 6,000 అమ్మ చీటీ డబ్బుల్లోంచి ఇచ్చింది, ఒక కండిషన్ మీద. "దీని మీంచి పడ్డావని తెలిసిన రోజు అమ్మేయాలి." సరే అన్నాను. మూడు వారాలు తిరక్కుండానే పడ్డాను. ఆ సంగతి తర్వాత చెప్తా.

నేను ఇంగ్లిష్ మీడియం వాడిని, తెలుగులో ఇంత పెద్ద వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి. రాయడానికి కారణం ఒకటే. మన కాలేజీలో ఇప్పుడు చాలామంది ఇలాంటి సైకిళ్ళు కొనాలని చూస్తున్నారు. కొత్తది కొనే స్తోమత మనలో ఎక్కువమందికి లేదు కాబట్టి సెకండ్ హ్యాండే దిక్కు. కొన్న పది రోజులకే నేను దాన్ని తిరిగి అమ్మకానికి పెడదామని ఫోటోలు కూడా తీశాను. మెడ నొప్పి, చేతుల తిమ్మిరి, కూర్చోలేని బాధ. "ఇది మన ఒంటికి పడదు" అనుకున్నా. నిజానికి తప్పు నా ఒంట్లోనూ లేదు, సైకిల్లోనూ లేదు. ఆ సైకిలు నాలుగేళ్ళ పాటు ఇంకొకరి ఒంటికి తగ్గట్టు బిగించి ఉంది. నేను ఒక్క సెట్టింగూ మార్చకుండా ఎక్కేశాను. ఎవరిదో కోడ్ తెచ్చుకుని, కాన్ఫిగ్ ఫైల్ చూడకుండా రన్ చేసి, ఎర్రర్ వచ్చిందని ఏడ్చినట్టన్నమాట.

గాలి కొట్టడమే రాలేదు

మొదటి రోజు మా వీధి పంక్చర్ షాపుకి వెళ్తే అతను వాల్వు చూసి, "ఇది మన పంపుకి పట్టదు బాబూ" అని పంపేశాడు. మామూలు సైకిలుకి ఒక రకం వాల్వు, మోటారు బళ్ళకి ఇంకో రకం వాల్వు ఉంటాయి. రోడ్ బైకుల్లో ఎక్కువగా ఉండేది మూడో రకం, పేరు ప్రెస్టా. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కొసన చిన్న నట్టు ఉంటుంది. దాన్ని వేళ్ళతో వదులు చేసి, ఒకసారి నొక్కితే "టుస్" మంటుంది. అప్పుడే లోపలికి గాలి వెళ్తుంది. కొట్టాక మళ్ళీ నట్టు బిగించాలి. ఇది తెలియక నేను నట్టు బిగించి ఉండగానే పది నిమిషాలు పంపు కొట్టి, ట్యూబు పాడైందని డిసైడ్ అయిపోయాను.

60 రూపాయలకి ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది. అది పెడితే మోటారు బళ్ళకి గాలి కొట్టే పంపు కూడా పడుతుంది. కానీ మీటరు ఉన్న నిలువు పంపు ఒకటి కొనుక్కోవడమే మంచిది. ఎందుకంటే ఈ టైర్లలో గాలి పట్టే చోటు చాలా తక్కువ, ప్రెజర్ మాత్రం చాలా ఎక్కువ. నావి 25 మిల్లీమీటర్ల టైర్లు, నా బరువు 62 కిలోలు. నేను ముందు టైరుకి 80, వెనక టైరుకి 85 పీఎస్‌ఐ పెడుతున్నాను. బరువు ఎక్కువున్నవాళ్ళు ఇంకాస్త పెంచుకోవాలి. టైరు పక్క గోడ మీద గరిష్ఠం ఎంతో అచ్చు వేసి ఉంటుంది, అది దాటకూడదు. గాలి తక్కువైతే ఏమవుతుందంటే, గుంతలో పడ్డప్పుడు రిమ్ము అంచులకీ రాయికీ మధ్య ట్యూబు నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పాము కాటులా ఉంటుంది కాబట్టి దీన్ని స్నేక్ బైట్ అంటారు. నాకు మొదటి వారంలోనే రెండు కాట్లు పడ్డాయి. ఇప్పుడు తొక్కే ముందు ప్రతిసారీ టైరు నొక్కి చూస్తాను, నాలుగైదు రోజులకోసారి మీటరు పెట్టి చూస్తాను.

సీటు ఎత్తు, చేతుల తిమ్మిరి

పాత ఓనరు నాకంటే నాలుగంగుళాలు పొడుగు. ఫ్రేమ్ సైజు మాత్రం నాకూ సరిపోతుందని ఒక సీనియర్ అన్న చూసి చెప్పాడు. సీటు, హ్యాండిల్ మార్చుకోవచ్చు గానీ ఫ్రేమ్ మార్చలేం, అందుకే కొనేముందు అది చూసుకోవాలి. సైకిలు మీద కాళ్ళు చెరో పక్క వేసి నిలబడితే, మధ్య గొట్టానికీ మనకీ కొద్దిగానైనా ఖాళీ ఉండాలి.

సీటు ఎత్తు సంగతి మా కాలనీ చివర సైకిలు షాపు తాత పట్టుకున్నాడు. నేను తొక్కుకుంటూ వస్తుంటే చూసి, "ఇదెవుల్ది బాబూ? నీది కానట్టుంది" అన్నాడు. నా నడుము అటూ ఇటూ ఊగుతోందట. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోమన్నాడు. పెడలు పూర్తిగా కిందకి తెచ్చి, దాని మీద మడమ పెట్టమన్నాడు. అప్పుడు కాలు తిన్నగా ఉండాలి. మడమ అందకపోతే సీటు ఎత్తు ఎక్కువ, మోకాలు వంగే ఉంటే తక్కువ. తొక్కేటప్పుడు మనం మడమతో కాదు, పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి అప్పుడు మోకాలు కొంచెం వంగుతుంది. ఆ మాత్రం వంపు కావాలి. నాకు మూడు సెంటీమీటర్లు దించాల్సి వచ్చింది. ఆ తర్వాత నేనే 5 మిల్లీమీటర్ల చొప్పున అటూ ఇటూ మార్చి చూసుకున్నాను. మోకాలి ముందు భాగం నొప్పి పుడితే సాధారణంగా సీటు తక్కువైందని, వెనక భాగం లాగితే ఎక్కువైందని గుర్తు. సరైన ఎత్తు దొరికాక సీటు గొట్టం మీద చిన్న టేపు ముక్క అంటించాను.

ఇక తిమ్మిరి. ఇది నన్ను నిజంగా భయపెట్టింది. రెండో వారంలో, ఒక ఆదివారం గంటన్నర తొక్కాక ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారిపోయాయి. సాయంత్రానికి తగ్గిపోతుందనుకున్నా, తగ్గలేదు. మర్నాడు డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ ఎగ్జామ్. ఎడమ చిటికెన వేలితో షిఫ్ట్ కీ నొక్కుతున్నానో లేదో నాకే తెలియట్లేదు. ప్రోగ్రామ్‌లో బ్రాకెట్ల బదులు అంకెలు పడుతున్నాయి. చేతులు పోతే మన చదువే పోయినట్టు కదా అని కళ్ళలో నీళ్ళు వచ్చాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి.

మోచేతి ఎముకకి ఏదైనా తగిలితే షాక్ కొట్టినట్టు ఉంటుందే, ఆ నరం పేరు అల్నార్. అదే అరచేతి అంచు గుండా ఆ రెండు వేళ్ళకీ వెళ్తుంది. అరచేతి మడమ మీద బరువంతా వేసి గంటల తరబడి నొక్కిపెడితే ఆ నరం నలుగుతుంది. మరి నా బరువు చేతుల మీదకి ఎందుకు వచ్చింది? సీటు ముక్కు కిందకి వంగి ఉంది. నేను తెలియకుండానే ముందుకి జారుతూ, జారకుండా చేతులతో నన్ను నేను వెనక్కి తోసుకుంటున్నాను. సీటు మీద ఒక పుస్తకం, పుస్తకం మీద ఫోను పెట్టి, లెవెల్ చూపించే యాప్‌తో సీటుని సమంగా బిగించాను. మోచేతులు బిగబట్టకుండా కొంచెం వంచి ఉంచడం నేర్చుకున్నాను. ఆ హ్యాండిల్ అలా వంకరగా ఉన్నది స్టైల్ కోసం కాదని కూడా అప్పుడే అర్థమైంది. పైన అడ్డంగా ఉండే భాగం, బ్రేకు లివర్ల మీద ఉండే రబ్బరు మూపులు, కింద కొమ్ములు, మొత్తం మూడు చోట్ల చేతులు మార్చుకోవచ్చు. ఐదు నిమిషాలకోసారి చోటు మార్చాలి. నాకు తిమ్మిరి నాలుగు రోజుల్లో పూర్తిగా పోయింది, మళ్ళీ రాలేదు. మీకు అలా వచ్చి పోకపోతే మాత్రం సైకిలు ఆపి డాక్టరుకి చూపించండి, నాలా ఎగ్జామ్ దాకా ఊరుకోకండి.

కూర్చునే చోటు నొప్పి గురించి ఒక్క మాట. 350 పెట్టి మెత్తటి జెల్ కవర్ కొన్నాను. దాంతో ఇంకా ఎక్కువైంది. మన బరువు మోయాల్సినవి కింద ఉండే రెండు కూర్చునే ఎముకలు. సీటు మరీ మెత్తగా ఉంటే ఆ ఎముకలు దిగబడిపోయి, మధ్యలోని మెత్తటి చోటు మీద ఒత్తిడి పడుతుంది. కవర్ తీసేసి, రోజు విడిచి రోజు తొక్కితే రెండు వారాల్లో అలవాటైంది.

గేర్లు: 16 ఉన్నాయి, 16 లేవు

దీనికి గేరు బటన్లు ఎక్కడా కనపడవు. బ్రేకు లివరే గేరు లివరు. షిమానో వాళ్ళు ఈ పద్ధతిని 1990లో తెచ్చారు. కుడి లివర్ మొత్తాన్ని లోపలికి తోస్తే వెనక పెద్ద పళ్ళ చక్రం మీదకి, అంటే తేలిక గేరుకి వెళ్తుంది. దాని వెనకున్న చిన్న లివర్‌ని తోస్తే చిన్న చక్రం మీదకి, బరువు గేరుకి వస్తుంది. ఎడమ లివర్ ముందు చక్రాలకి. అక్కడ పెద్ద చక్రమే బరువు గేరు, అది తిరకాసు.

నా సైకిలుకి ముందు రెండు చక్రాలు, 50 పళ్ళు, 34 పళ్ళు. వెనక ఎనిమిది, 11 నుంచి 28 పళ్ళ దాకా. ముందు పళ్ళని వెనక పళ్ళతో భాగిస్తే, పెడలు ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. చక్రం ఒక చుట్టుకి సుమారు 2.1 మీటర్లు వెళ్తుంది. 34/28 మీద ఒక తొక్కుకి రెండున్నర మీటర్లు, 50/11 మీద తొమ్మిదిన్నర మీటర్లు.

రెండు ఎనిమిదులు పదహారు గేర్లు అనుకుంటాం. కానీ 34/17 సరిగ్గా 2, 50/24 సుమారు 2.08, అంటే రెండూ దాదాపు ఒకటే. ఇలా కొన్ని రిపీట్ అవుతాయి. పైగా పెద్దదాని మీంచి పెద్దదానికి, చిన్నదాని మీంచి చిన్నదానికి వేస్తే చైను బాగా ఏటవాలుగా లాగబడి, గరగరమంటూ త్వరగా అరుగుతుంది. ఆ కొసలు వాడకపోవడమే మేలు.

నా అసలు తప్పు వేరే. బరువు గేరులో కష్టపడి తొక్కితేనే ఎక్సర్‌సైజు అనుకుని, 50/13లో నిమిషానికి 55 చుట్లు తొక్కేవాడిని. మోకాళ్ళు పట్టేసేవి. ఇప్పుడు 50/21లో నిమిషానికి 85 చుట్లు తొక్కుతున్నాను. లెక్క వేస్తే గంటకి 25 కిలోమీటర్లు దాటుతుంది, కాళ్ళు మాత్రం తేలిగ్గా ఉంటాయి. కైలాసగిరి ఘాట్ రోడ్డు మొదటిసారి ఎక్కినప్పుడు ముందు 50 మీదే ఉంచి, మధ్యలో గేరు దించబోతే చైను ఊడి వచ్చింది. నడిపించుకుంటూ పైకి వెళ్ళాను. పెడలు మీద బలమంతా వేసి ఉండగా గేరు మార్చకూడదు. ఎత్తు మొదలవక ముందే దించుకోవాలి.

పడ్డ రోజు

బీచ్ రోడ్డు మీద పొద్దున్నే వెళ్తున్నాను. పక్క సందులోంచి కుక్క అడ్డం వచ్చింది. బ్రేకు పట్టాను. నాకు గుర్తున్నది అంతే. వెనక చక్రం లేచింది, నేను హ్యాండిల్ మీదుగా రోడ్డు మీద ఉన్నాను. హెల్మెట్ ఉంది కాబట్టి తలకి ఏం కాలేదు. మోచెయ్యి గీరుకుపోయింది. కుక్క నన్ను చూసి వెళ్ళిపోయింది.

మూడు రోజులు ఫుల్ హ్యాండ్స్ షర్టు వేసుకుని తిరిగాను. నాలుగో రోజు అన్నం తింటుంటే చెయ్యి మడత జరిగింది, అమ్మ చూసేసింది. ఇక అయిపోయింది, రేపే అమ్మకం అనుకున్నా. అమ్మ ఏమీ అనలేదు కాసేపు. తర్వాత అడిగింది, "ఏ చేత్తో పట్టావు బ్రేకు?"

"ఎడమ చేత్తో."

"స్కూటీకి ఎడమది వెనక బ్రేకు. దీనికి?"

నేను తెల్లబోయాను. ఎప్పుడూ చూడలేదు. కిందకి వెళ్ళి ఎడమ లివర్ నొక్కితే, పట్టింది ముందు బ్రేకు. పాత ఓనరుకి అలా అలవాటేమో, కొన్ని దేశాల్లో ఎడమ లివరే ముందు బ్రేకు. మన దగ్గర మామూలుగా కుడిది ముందు. నేను అమ్మ స్కూటీ మీద నేర్చుకున్నవాడిని. కంగారులో నా ఎడమ చెయ్యి వెనక బ్రేకే అనుకుని గట్టిగా లాగేసింది.

బ్రేకు పట్టగానే మన బరువు ముందుకి వస్తుంది. బస్సు ఆగినప్పుడు అందరం ముందుకి తూలతామే, అదే. అప్పుడు ముందు చక్రం మీద బరువు పెరుగుతుంది, వెనకది తేలికవుతుంది. కాబట్టి బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. దాన్ని అసలు వాడకపోవడం కూడా తప్పే, తేలికైన వెనక చక్రం ఒక్కదాన్నే పడితే జారిపోతుంది. రెండూ కలిపి పట్టాలి, ముందుది క్రమంగా పెంచాలి, నడుము వెనక్కి జరిపి చేతులు బిగించాలి. కొమ్ముల కింద చేతులు పెడితే లివర్ మీద పట్టు బాగా దొరుకుతుంది. వానలో రిమ్ము తడిసి ఉంటే బ్రేకు వెంటనే పట్టదు, ముందు నీళ్ళు తుడుచుకుపోవాలి, అందుకే ఇంకా ముందే మొదలుపెట్టాలి. ఇంకోటి, రోడ్డు వెంబడి పొడుగ్గా సందులున్న మురుగు జాలీలు కనిపిస్తే తప్పించుకోండి, ఈ సన్న టైరు ఆ సందులో దిగిపోతుంది.

తాత దగ్గర కొత్త కేబుళ్ళు వేయించి బ్రేకులు అటుదిటు మార్పించాను. 500 అయింది. "అమ్మేయాలా?" అని అమ్మని అడిగాను. "పడినందుకు కాదు, దాచినందుకు అమ్మించాలి నిన్ను" అంది. మిగతాది మేమిద్దరం మాట్లాడుకున్నాం, ఇక్కడ రాయను.

ఉప్పు గాలి, చైను

విశాఖలో సైకిలుకి పెద్ద శత్రువు సముద్రం. రెండు రోజులు తుడవకపోతే చైను మీద ఎర్రగా తుప్పు కనపడుతుంది. మొదట్లో ఇంట్లో ఉన్న కొబ్బరినూనె రాశాను. ఇసక అంతా దానికి అంటుకుని, చైను గంధం అరగదీసే సానలా తయారైంది. ఇప్పుడు ముందు పొడిబట్టతో తుడిచి, సైకిలు చైను కోసం అమ్మే ఆయిల్ ఒక్కో లింకుకి ఒక్కో చుక్క వేసి, కాసేపాగి, పైన మిగిలింది మొత్తం తుడిచేస్తాను. నూనె పని లోపల, పైన కాదు.

చైను అరుగుదల కొలవడానికి స్కేలు చాలు. ఒక పిన్ను నుంచి తర్వాతి పిన్నుకి అర అంగుళం. అంటే 24 సందులకి సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వస్తే చైను మార్చే టైమ్ వచ్చిందని. ఎనిమిదో వంతు ఎక్కువ వస్తే వెనక పళ్ళ చక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి. నాది ఎనిమిదో వంతు దాటింది. కొనే ముందు నా దగ్గర స్కేలు లేదు. ఉంటే బేరం 15,000 దగ్గర మొదలుపెట్టేవాడిని.

లెక్క

హెల్మెట్ 1,400. చైను, వెనక చక్రాల సెట్టు కలిపి 2,300. పంపు 1,200. కేబుళ్ళు, కూలి 500. జెల్ కవర్ 350. అడాప్టర్ 60. మొత్తం 5,810. అంటే 17,500 సైకిలు నాకు 23,310కి పడింది. మీరు కొనాలనుకుంటే బడ్జెట్‌లో మూడో వంతు రిపేర్ల కోసం పక్కన పెట్టుకోండి. చూడ్డానికి వెళ్ళేటప్పుడు జేబులో స్కేలు పెట్టుకోండి. చక్రాలు గాల్లో తిప్పి బెండు ఉందేమో చూడండి. టైరు పక్కల్లో పగుళ్ళు, ఫ్రేమ్ అతుకుల దగ్గర గీతలు చూడండి. అన్ని గేర్లూ వేసి చూడండి. ఎడమ లివర్ నొక్కి, ఏ చక్రం ఆగుతుందో చూడండి.

రెండు నెలలైంది. పోయిన ఆదివారం ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా వెళ్ళొచ్చాను. రుషికొండ దాటాక ఎదురుగాలి కొట్టింది, చేతులు కొమ్ముల మీదకి దించి, ఒక గేరు తగ్గించి వెళ్ళిపోయాను. వేళ్ళన్నీ బాగానే ఉన్నాయి. అమ్మ చీటీ బాకీ ఇంకా 2,000 ఉంది.

పంపు, స్కేలు, అడాప్టర్ నా దగ్గరే ఉంటాయి, కావాలంటే సీఎస్‌ఈ బ్లాక్ వెనక పార్కింగ్‌కి రండి. ఒక విషయం మాత్రం ముందే చెప్తున్నా. నేను పొద్దున్నే బయల్దేరేటప్పుడు అమ్మ "జాగ్రత్త" అనడం మానేసింది. వంటింట్లోంచే అడుగుతుంది, "ముందు బ్రేకు ఏది రా?" కుడిది అని చెప్తేనే గేటు తీస్తుంది. మిమ్మల్నీ అదే అడుగుతాను.